క్లాసు లేకుండా ఏపీ పరీక్ష: రాయొచ్చు, కానీ ఎవరు రాయాలి?

ఏపీ అంటే మనకు ఆంధ్రప్రదేశ్. అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న తెలుగు ఇళ్లలో మాత్రం ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజీ మొదటి ఏడాది స్థాయి సబ్జెక్టుని హైస్కూల్లోనే చదివి, మే నెలలో కాలేజ్ బోర్డు పెట్టే పరీక్ష రాస్తారు. స్కోరు 1 నుంచి 5. మంచి స్కోరు వస్తే చాలా యూనివర్సిటీలు క్రెడిట్ ఇస్తాయి. అంటే ఆ కోర్సుని కాలేజీలో మళ్లీ ఫీజు కట్టి చదవక్కర్లేదు.

చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి ఏంటంటే, పరీక్ష రాయాలంటే స్కూల్లో ఆ క్లాసు తీసుకుని తీరాలన్న రూలు లేదు. సెమినార్, రీసెర్చ్ లాంటి కొన్నింటిని వదిలేస్తే మిగతావి చాలావరకు ఇంట్లో కూర్చుని సొంతంగా చదివి రాయొచ్చు. ఇది తెలియగానే మన ఇళ్లలో లెక్కలు మొదలవుతాయి. నేను డాలస్ పక్కన ప్లానోలో ఉంటాను. ఇక్కడ వీకెండ్ పార్టీల్లో పెద్దవాళ్ల మాటలు రెండే: ఇంటి లోను వడ్డీ, పిల్లల ఏపీలు. "వాళ్లబ్బాయి ఎనిమిది రాశాడట, మనమ్మాయి ఇంకో రెండు సొంతంగా చదవలేదా?" అన్న ప్రశ్న బిర్యానీ ప్లేటు ఖాళీ అయ్యేలోపే వచ్చేస్తుంది.

చదవగలదా అన్నది తర్వాత. చదివితే ఏం వస్తుందో ముందు చూడాలి.

సొంతంగా చదివితే వచ్చేది పరీక్ష స్కోరు ఒక్కటే. స్కూల్ రికార్డులో ఆ కోర్సు ఉండదు, గ్రేడు ఉండదు. చాలా స్కూళ్లలో ఏపీ క్లాసులో తెచ్చుకున్న ఏ గ్రేడుకి మామూలు క్లాసు కంటే జీపీఏలో ఎక్కువ విలువ ఉంటుంది. ఆ లాభం సొంత చదువుకి సున్నా. టెక్సస్‌లో ఇది చిన్న విషయం కాదు. 1997లో వచ్చిన చట్టం ప్రకారం ఇక్కడ క్లాసులో టాప్ 10 శాతంలో ఉన్నవాళ్లకి స్టేట్ పబ్లిక్ యూనివర్సిటీల్లో నేరుగా అడ్మిషన్ వస్తుంది. యూటీ ఆస్టిన్ దాన్ని 2026 ఫాల్ నుంచి 5 శాతానికి తగ్గించింది (అదీ యూనివర్సిటీలోకే, కంప్యూటర్ సైన్స్ సీటుకి గ్యారంటీ కాదు). ర్యాంకు కోసం కొట్టుకుంటున్న పిల్ల, ర్యాంకులో లెక్కకే రాని చదువు మీద వారానికి ఐదారు గంటలు పెడితే, ఆ గంటలు ర్యాంకులో లెక్కకొచ్చే క్లాసుల నుంచే పోతాయి.

టైమింగ్ కూడా చూసుకోవాలి. పరీక్ష మేలో, స్కోరు జులైలో. 11వ తరగతిలో రాస్తే కాలేజీ అప్లికేషన్‌లో చూపించుకోవచ్చు. 12వ తరగతి మేలో రాసేసరికి అడ్మిషన్ నిర్ణయాలు అయిపోయి ఉంటాయి, మిగిలేది క్రెడిట్ మాత్రమే. ఆ క్రెడిట్ కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఎంఐటీ క్యాలిక్యులస్ బీసీలో 5 వస్తే క్రెడిట్ ఇస్తుంది, కంప్యూటర్ సైన్స్‌కి ఇవ్వదు. అందుకే చేరాలనుకుంటున్న మూడు నాలుగు కాలేజీల వెబ్‌సైట్లలో ఏపీ క్రెడిట్ పేజీ చూడకుండా పుస్తకం కొనొద్దు.

స్కూల్లో క్లాసు ఉండి, టైంటేబుల్లో ఖాళీ ఉంటే క్లాసే తీసుకోండి. నా దృష్టిలో సొంత చదువు ఇద్దరికే: స్కూల్లో ఆ క్లాసు దొరకనివాళ్లకి, ఆ సబ్జెక్టు ఇప్పటికే సగం వచ్చినవాళ్లకి.

మా బాబాయి కూతురు మొదటి రకం. ఫ్రిస్కోలో పదో తరగతి, ఆర్కెస్ట్రా పీరియడూ కంప్యూటర్ సైన్స్ ఏ పీరియడూ ఒకేసారి పడుతున్నాయి. వయొలిన్ వదలనంది. మంచిపని చేసింది. "అన్నయ్యా, నువ్వు రోజూ జావానే కదా రాస్తావ్, నేను సొంతంగా చదివితే వస్తుందా?" అని అడిగింది.

నా ఉద్యోగంలో రాసే జావాకీ ఈ పరీక్షలో అడిగే జావాకీ చుట్టరికం తక్కువ. నేను సగం లైను టైప్ చేస్తే మిగతా సగం ఎడిటరే పూరిస్తుంది. తప్పు రాస్తే ఎర్రగీత పడుతుంది. పరీక్ష రాసే బ్లూబుక్ యాప్‌లో కోడ్ టైప్ చేయడమే, రన్ చేసి చూసుకునే వీలుండదు. లూప్ ఒక అడుగు ముందే ఆగిపోయిందా, అర్రే చివర దాటిపోయిందా అన్నది బుర్రలోనే నడిపించి చూసుకోవాలి. సొంతంగా చదివేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. మనం రాసిన నాలుగు లైన్లు చూసి "ఇది తప్పు" అనేవాళ్లు మాత్రం పక్కన ఉండరు.

అందుకే తనకి ముందు పుస్తకం చెప్పలేదు. కాలేజ్ బోర్డు పాత ప్రశ్నలనీ, ఏ పాయింటు దేనికిస్తారో చెప్పే స్కోరింగ్ గైడ్‌లైన్స్‌నీ ఫ్రీగా పెడుతుంది. సీఎస్ ఆసమ్ అనే ఫ్రీ ఈబుక్‌లో లూపులు, అర్రేల వరకు మూడు వారాలు చదవమన్నాను. కోడింగ్‌బ్యాట్‌లో జావా కింద ఏపీ-1 అనే సెక్షనే ఉంది, అందులో రోజుకి రెండు చేయమన్నాను. తర్వాత పాత పేపర్లోంచి ఒక ప్రశ్న కాగితం మీద, టైమర్ పెట్టుకుని రాసింది. గైడ్‌లైన్స్ దగ్గర పెట్టుకుని తనే దిద్దుకుంది. 9కి 4. లాజిక్ అంతా కరెక్టే, రిటర్న్ చేయాల్సినచోట ప్రింట్ చేసింది. మరుసటి వారం ఇంకో ప్రశ్నకి 7. ఇంత కదలిక ఉంటే ముందుకెళ్లొచ్చని చెప్పాను. 4 దగ్గరే ఆగిపోయి ఉంటే వద్దనేవాణ్ని. అప్పుడు కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ కోర్సు మంచిది, అది ట్రాన్స్‌క్రిప్ట్‌లోకి కూడా వస్తుంది.

పాత పేపర్లతో ఒక జాగ్రత్త. 2025-26 నుంచి సిలబస్ మారింది, ఇన్‌హెరిటెన్స్ తీసేశారు. పాత పుస్తకం ఎవరైనా ఊరికే ఇస్తే ఆ చాప్టర్లు దాటేయండి.

ఇక పేరు నమోదు. కాలేజ్ బోర్డుకి నేరుగా కట్టడం కుదరదు, మీ స్కూల్లో ఏపీ కోఆర్డినేటర్ ద్వారానే కట్టాలి. మీ స్కూల్ ఆ పరీక్ష పెట్టకపోతే, బయటి పిల్లల్ని కూర్చోబెట్టే స్కూల్ వెతుక్కోవాలి. ఒప్పుకోవాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. ఫీజు అమెరికాలో సుమారు 100 డాలర్లు, గడువు నవంబరు మధ్యలో, దాటితే అదనంగా కట్టాలి. స్కూళ్లు తమ సొంత గడువు ఇంకా ముందే పెట్టుకుంటాయి కాబట్టి ఆగస్టులో బడి తెరవగానే కోఆర్డినేటర్‌కి ఒక ఈమెయిల్ పెట్టేయండి. పాత పేపర్ ప్రశ్నతో మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడానికి అప్పటికింకా సెప్టెంబరంతా ఉంటుంది.