దిగులుకు ఫోనులో చికిత్స

మెడికల్ ఓ.పి.లో వరుసగా కూర్చున్నవారిలో కొందరి చేతిలో లావుపాటి ఫైలు ఉంటుంది. గుండెదడ, ఆయాసం, కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం అంటూ వస్తారు. ఫైలులో మూడు నాలుగు చోట్ల తీయించిన ఇ.సి.జి.లు, థైరాయిడ్ రిపోర్టులు, ఒకటో రెండో స్కానింగులు. అన్నీ నార్మల్. "అంతా బాగానే ఉందంటున్నారు సిస్టరమ్మా, మరి నాకెందుకిలా ఉంది?" అని మమ్మల్ని అడుగుతారు. ఒక సెలైన్ పెట్టమని బతిమాలతారు. సెలైన్ ఎక్కిస్తే దడ తగ్గుతుందనే నమ్మకం మన వైపు ఇంకా పోలేదు.

పక్కన కూర్చుని నిదానంగా అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. కూతురి పెళ్ళికి చేసిన అప్పు, ఉద్యోగం దొరకని కొడుకు, కువైట్ వెళ్ళి ఫోను చేయని భర్త. పది గంటలకు పడుకున్నా రెండింటిదాకా అదే ఆలోచన. మరికొందరిది ఇంకో రకం బాధ. "అంతా నావల్లే జరిగింది, నేను పనికిమాలినదాన్ని, నేను సరిగ్గా పెంచి ఉంటే పిల్లవాడు ఇలా అయ్యేవాడు కాదు" అని లోపల ఒక గొంతు తిడుతూనే ఉంటుంది. బయటివారు తిడితే ఎదురు చెప్పవచ్చు. లోపలి గొంతుకు ఎదురు చెప్పడం ఎవరూ నేర్పలేదు.

ఇవి నటనలు కావు. భయం కలిగినప్పుడు మన శరీరంలో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, అరచేతులు చెమర్చుతాయి. పాము ఎదురైతే తప్పించుకోవడానికి శరీరం చేసుకునే ఏర్పాటు అది. అప్పులవాడు గుర్తుకువచ్చినా శరీరం అదే పని చేస్తుంది. కనుక దడ నిజమే, గుండెజబ్బు మాత్రం కాదు. అయితే దడ, ఆయాసం మొదటిసారి వచ్చినప్పుడు డాక్టరుగారికి చూపించి గుండె, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు తప్పకుండా చేయించుకోవాలి. అవి నార్మల్ అని తేలి, డాక్టరుగారు ఇక చాలన్న తరువాత మళ్ళీ మళ్ళీ అవే పరీక్షలకు డబ్బు తగలేయవద్దు.

2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రాలలో సర్వే చేసింది. పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారనీ, ఆందోళన, కుంగుబాటు వంటి మామూలు సమస్యలు ఉన్నవారిలో నూటికి ఎనభైమందికి పైగా చికిత్స అందడం లేదనీ తేలింది. మాకు ఆశ్చర్యం కలగలేదు. ఎర్రగడ్డ అన్నా, విశాఖ పెద్ద వాల్తేరు అన్నా జనం "పిచ్చాసుపత్రి" అంటారు. అక్కడికి వెళ్ళిందని తెలిస్తే పిల్లకు సంబంధాలు రావని భయం. ఇంకొన్ని ఇళ్ళలో "నీకు ప్రార్థన చాలలేదు" అంటారు. షుగరు ఉన్నవారికి ఇన్సులిన్ ఇచ్చేటప్పుడు మనం ఆ మాట అనం కదా!

ఇటువంటివారికి ఫోనులో, వీడియో కాల్‌లో మాట చికిత్స బాగా ఉపయోగపడుతున్నది. 2020 మార్చిలో మన దేశంలో టెలిమెడిసిన్ నిబంధనలు వచ్చాయి. కరోనా లాక్‌డౌన్ కాలంలో మొదలుపెట్టిన చాలామంది కౌన్సిలర్లు దానిని ఇప్పటికీ కొనసాగిస్తున్నారు. బస్సు చార్జీలు, కూలి పోగొట్టుకోవడం, తోడు కోసం వెతుక్కోవడం తప్పాయి.

ఫోనులో మాట్లాడితే జబ్బు ఎలా తగ్గుతుందని చాలామంది అడుగుతున్నారు. మాకు తెలిసిన ఒక అక్కగారి సంగతి, ఆమె అనుమతితో, గుర్తు తెలియకుండా వివరాలు మార్చి చెబుతాము. ఆమె ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. కౌన్సిలరు వారానికి ఒకసారి, ముప్పావుగంట మాట్లాడేవారు. మొదటి వారం సలహా ఒక్కటీ చెప్పలేదట. గడిచిన రెండు వారాలలో ఎన్ని రోజులు దిగులుగా ఉన్నారు, ఎన్నిసార్లు ఆపుకోలేకపోయారు అంటూ ఏడు ప్రశ్నల పట్టిక నింపించారు. జ్వరానికి థర్మామీటరు ఎలాగో దిగులు ఎంత ఉందో చూడడానికి అది అలాగన్నమాట.

రెండో వారం దిగులుకు ఒక వేళ పెట్టారు. రోజూ సాయంత్రం ఐదున్నర నుంచి ఇరవై నిమిషాలు నోటుబుక్కు తీసుకుని దిగులు పడడమే పని. మిగతా సమయంలో ఆలోచన వస్తే ఒక ముక్క రాసుకుని, "నీ సంగతి ఐదున్నరకు చూస్తాను" అని కుట్టుపనిలోకి వెళ్ళాలి. ఆమెకు మొదట నవ్వు వచ్చిందట. కానీ ఐదున్నరకు పుస్తకం తెరిస్తే ఉదయం రాసినవాటిలో సగం ఉత్తవిగా కనిపించేవి. మిగిలినవాటిని రెండు భాగాలు చేయమన్నారు: ఈరోజు నేను ఏదైనా చేయగలిగినవి, చేయలేనివి. చీటీ డబ్బు గడువు అడగడం మొదటి భాగంలోకి వస్తుంది. కొడుకు పరీక్ష తప్పితే ఎలా అన్నది రెండవదానిలోకి. మొదటివాటికి ఒక చిన్న పని రాయాలి, రెండవవాటిని అక్కడే వదలాలి.

అయిదో వారం లోపలి తిట్ల వంతు వచ్చింది. తనను తాను తిట్టుకునే మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయమన్నారు. తరువాత, "మీ చెల్లెలు ఇదే కష్టంతో మీ ఇంటికి వస్తే ఈ మాటలు ఆమెతో అంటారా?" అని అడిగారు. ఆమె చాలాసేపు మాట్లాడలేదట. చెల్లెలితో ఏమంటుందో అది ఒక కాగితం మీద రాసి మిషను పక్కన అంటించుకుంది. ఎనిమిది వారాల తరువాత దడ పూర్తిగా పోలేదు. వచ్చినప్పుడు అది ఏమిటో తెలుసు, ఊపిరి నెమ్మదిగా వదులుతూ పని చేసుకుంటుంది. ఆ ఏడాది ఇ.సి.జి.కి రాలేదు.

ఈ పద్ధతికి మూలం 1960లలో అమెరికా డాక్టరు ఆరన్ బెక్ రూపొందించిన చికిత్స. తనను తాను తిట్టుకునేవారికి దయ నేర్పే పద్ధతిని ఇంగ్లండులో పాల్ గిల్బర్ట్ అభివృద్ధి చేశారు. స్వీడన్, ఆస్ట్రేలియా దేశాలలో ఇరవై ఏళ్ళకు పైగా దీనిని ఇంటర్నెట్ ద్వారా ఇస్తున్నారు. స్వల్ప, మధ్య స్థాయి ఆందోళన ఉన్నవారికి ఎదురుగా కూర్చుని చేసే చికిత్స అంత మేలు ఇందులోనూ కనిపించింది. అయితే పాఠాలు ఒంటరిగా చదువుకున్నవారికంటే, మధ్యమధ్య ఒక మనిషి పలకరిస్తూ నడిపించినవారికి ఎక్కువ మేలు జరిగింది. మా నర్సులకు ఇది కొత్త సంగతి కాదు.

ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోండి. క్లినికల్ సైకాలజిస్టు అంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ., రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఇవ్వనివారి జోలికి పోవద్దు. ఫీజు ముందే తెలుసుకోండి. మూడు రోజులలో నయం చేస్తామనేవారు, మొత్తం డబ్బు ముందే కట్టమనేవారు ఎందుకు తొందరపడుతున్నారో ఆలోచించండి. నిద్ర మాత్రలు మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు. ఆల్ప్రాజోలం వంటివి అలవాటు చేస్తాయి. ఈమధ్య కాలేజీ పిల్లలు చాట్‌బాట్‌లకు కష్టాలు చెప్పుకుంటున్నారు. అది అర్ధరాత్రి కూడా జవాబిస్తుంది, నిజమే. కానీ పిల్ల అన్నం మానేసి ఎన్ని రోజులైందో దానికి కనిపించదు.

చచ్చిపోవాలనిపిస్తున్నవారు, ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నవారు, ప్రసవమైన కొద్ది రోజులకే మనిషి మారిపోయిన బాలింత, తాగుడు మానగానే వణికిపోతున్నవారు వీడియో కాల్ కోసం ఎదురుచూడకూడదు. వెంటనే క్యాజువాలిటీకి తీసుకురండి, లేదా 108కి ఫోను చేయండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, దాచుకున్నవారు చెప్పుకుంటారు. ఇంట్లోని పురుగుమందు డబ్బా ఆ రోజే వేరే చోటికి చేర్చండి. కేసు భయంతో ఆలస్యం చేయవద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అటువంటి ప్రయత్నం చేసినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలి, శిక్షించకూడదు.

డబ్బు లేనివారికి ప్రభుత్వ టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. మొదట కౌన్సిలరు మాట్లాడతారు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. 2025 నాటికి దేశమంతటా 20 లక్షలకు పైగా కాల్స్ వచ్చాయి.

మాట్లాడేటప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, తలుపు వేసుకోండి. లైను తెగితే ఎవరు తిరిగి చేయాలో మొదటే అనుకోండి. ఇంటి పెద్దలకు ఒక విన్నపం: కోడలు ముప్పావుగంట గదిలో ఫోను మాట్లాడితే ఎవరితో, ఏమిటి అని నిలదీయవద్దు. ఒంటి గది ఇల్లు అయినవారు, ఇంట్లో ఒకటే ఫోను ఉన్నవారు మా ఓ.పి. కౌంటరులో ఉన్న సిస్టరును అడగండి. డ్రెస్సింగు గది పక్కన చిన్న గది మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది. కుర్చీ, ఫోను, తలుపుకు గడియ ఉన్నాయి. ఏ పని మీద వచ్చారని ఎవరూ అడగరు, రిజిస్టరులో పేరు రాయనక్కరలేదు.