పులిపిర్లకు చచ్చిన సూక్ష్మజీవుల సూది

పులిపిరికాయ లేచిందంటే పల్లెల్లో మొదట గుర్తుకొచ్చేది గుర్రపు వెంట్రుక. అది కాదంటే సున్నం, చాకలిసోడా కలిపి రాయడం. రాలితే సరే, లేకుంటే పుండు, మచ్చ. అరికాలి కింద లేచిన పులిపిరితో కుంటుతూ పొలానికి పోయేవారి అవస్థ చెప్పనలవి కాదు. కోసినా, కాల్చినా పక్కనే మరొకటి మొలుస్తుంది. అది చర్మంలో తిష్ఠ వేసిన వైరస్ పని మరి.

ఇలాంటివారికి కొందరు చర్మవైద్యులు వేస్తున్న ఒక సూదిమందు కథ చిత్రమైనది. అందులో ఉన్నది వేడితో చంపిన బ్యాక్టీరియా! 0.1 మిల్లీలీటరులో 50 కోట్లు. పులిపిరి వైరస్‌కూ దానికీ ఏ బంధుత్వమూ లేదు. క్షయ, కుష్ఠు క్రిములకు మాత్రం అది చుట్టమే. అయితే సాధు రకం.

కుష్ఠుకు టీకా వెదుకుతూ డాక్టర్ జి.పి. తల్వార్ బృందం దీన్ని ఎంచుకుంది. సరైన పేరు కూడా లేక మొదట్లో 'మైకోబ్యాక్టీరియం డబ్ల్యు' అన్నారు. తర్వాత 'ఇండికస్ ప్రాణీ' అని నామకరణం చేశారు. అందులోని 'ప్రాణ్' తల్వార్ పేరులోనిదే.

చచ్చిన క్రిమి చేసేదేమిటి? పులిపిరి వైరస్ చర్మం పైపొరల్లోనే చప్పుడు లేకుండా దాక్కుంటుంది. రక్తంలోకి దిగదు. అందుకే ఒంటి కాపలా కణాలకు దాని జాడ తెలియదు. బ్యాక్టీరియా గోడ సంగతి వేరు. దాన్ని చూడగానే అవి గుర్తుపట్టి, ఎగబడి, రసాయనాలు చిమ్మి తక్కిన కణాలను పిలుస్తాయి. వీధిలో శవం కనబడితే ఊరంతా లేచి మూలమూలలా వెదికినట్టన్నమాట. ఆ వెదుకులాటలో వైరస్ దొరుకుతుంది. ఒక కాయలో సూది వేస్తే, వేయని కాయలు కూడా రాలిపోవడం కద్దు.

ఈ కిటుకే కోవిడ్‌కూ పనికొస్తుందేమోనని 2020లో సి.ఎస్.ఐ.ఆర్. అండతో విషమించిన రోగులపై పరీక్షలు జరిపారు. అప్పట్లో పత్రికల్లో ఆశలు బాగానే రేగాయి కాని, అది కోవిడ్‌కు మామూలు వైద్యంగా స్థిరపడలేదు.

పులిపిర్ల విషయంలోనూ తొందరపాటు కూడదు. ఈ మందుకు అనుమతి వచ్చింది కుష్ఠుకు. పులిపిర్లకు వాడకం వైద్యుల విచక్షణ మీద నడుస్తున్నది. పైగా పిల్లల్లో చాలా పులిపిర్లు కొన్నాళ్లకు వాటంతటవే రాలిపోతాయి. కనుక సూది ఘనత ఎంతో, కాలం ఘనత ఎంతో విడదీయడం తేలిక కాదు. ఒక్క సూదితో అయ్యే పనీ కాదు, కొన్ని వారాలు తిరగాలి. వేసినచోట నొప్పి, వాపు, ఒక్కోసారి పుండు, జ్వరం వస్తాయి. మందుల షాపులో కొని ఎవరిచేతనో పొడిపించుకునే సూది కాదిది.