విజయనగరానికి 700 ఏళ్లు: నాణెం కావాలంటే ఎవరిని అడగాలి?

కర్ణాటకలోని రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాకు చెందిన తుర్విహాళ కృష్ణా తుంగభద్రల నడుమ అంతర్వేదిలో ఉంది. ఈ నేల కోసం విజయనగర రాయలు ముందు బహమనీలతోనూ, తర్వాత బీజాపూరు ఆదిల్‌షాహీలతోనూ తరతరాలుగా పోరాడారు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లొచ్చాక కోస్తా నుంచి వచ్చి ఈ తాలూకాలో క్యాంపులు కట్టుకున్న తెలుగు రైతులకు కృష్ణదేవరాయలు తమవాడే. పక్కింటి కన్నడిగుడికీ అంతే. సంప్రదాయంగా చెప్పే 1336 లెక్కన 2036కు విజయనగర స్థాపన జరిగి 700 ఏళ్లు అవుతుంది. దానికో స్మారక నాణెం కావాలని ఇక్కడివాళ్లు అడగదలిస్తే అర్జీ ఎక్కడ పెట్టుకోవాలి?

బెంగళూరులో కాదు, అమరావతిలోనూ కాదు. నాణేలు కేంద్ర జాబితాలోని అంశం. 2011 నాణేల చట్టం కింద కేంద్ర ఆర్థిక శాఖ నిర్ణయం తీసుకుని లోహం, బరువు, బొమ్మ ఏమిటో గెజిట్‌లో ప్రకటిస్తుంది. ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడాల్లోని ప్రభుత్వ టంకశాలల్లో ముద్రణ జరుగుతుంది. రిజర్వు బ్యాంకు ముద్రిస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, నాణేల విషయంలో దాని వంతు చలామణిలోకి పంపడమే.

వెయ్యి రూపాయల విలువ దాకా నాణెం వేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఎన్నేళ్లయితే అన్ని రూపాయలన్న పద్ధతి కూడా బాగానే నడుస్తోంది. తంజావూరు బృహదీశ్వరాలయం వెయ్యేళ్లకు వెయ్యి రూపాయల నాణెం, గురునానక్ 550వ జయంతికి 550 రూపాయలది, 2023లో మీరాబాయి 525వ జయంతికి 525 రూపాయలది వచ్చాయి. ఆ లెక్కన మనది 700 రూపాయల నాణెం కావాలి.

అయితే 700 ఇస్తే అది చేతికి రాదు. 2023లో వచ్చిన ఎన్టీఆర్ శతజయంతి నాణేన్నే తీసుకోండి. హైదరాబాద్ టంకశాలలో తయారైన ఆ నాణెం అడ్డుకొలత 44 మిల్లీమీటర్లు. అందులో వెండి సగం, రాగి 40 శాతం, మిగతాది నికెల్, జింక్. ముఖవిలువ వంద రూపాయలు, అమ్మిన ధర వేలల్లో. అది దాచుకోవడానికి చేసిన వస్తువు కాబట్టి వెండి ఖరీదు, పనితనం, పెట్టె ఖర్చు అన్నీ ధరలో కలుస్తాయి. దాన్ని తీసుకెళ్లి వందకు కూరగాయలు కొనేవాడు ఉండడు.

అసలు చిక్కు తేదీతో వస్తుంది. మధ్యయుగపు సంఘటనలు శక సంవత్సరాల్లోనో హిజ్రీలోనో, పరదేశి యాత్రికుల జ్ఞాపకాల్లోనో నమోదయ్యాయి. బీజాపూరుపై కృష్ణదేవరాయలు గెలిచిన రాయచూరు యుద్ధం 1522 మే నెలలో అమావాస్య శనివారం నాడు జరిగిందని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. చంద్రుడి గతినీ వారాన్నీ లెక్కగట్టిన చరిత్రకారుడు రాబర్ట్ సెవెల్ ఆ ఏడాది పొసగదని తేల్చి, 1520 మే 19 అన్నాడు. 1900లో ఆయన పుస్తకం వెలువడ్డాక చరిత్రకారులు ఎక్కువగా దాన్నే అనుసరిస్తున్నారు. కృష్ణదేవరాయల పట్టాభిషేకమూ ఇంతే. 1509లోనే జరిగిందని కొందరు, 1510 జనవరి నాటి హంపి విరూపాక్షాలయ శాసనాన్ని చూపి అప్పుడేనని కొందరు అంటారు. హంపిలో 500 ఏళ్ల పండుగ 2010 జనవరిలో జరిగింది. 1336 మీదా ఏకాభిప్రాయం లేదు. రాజ్యం నిలదొక్కుకున్నది 1340లలోనని వాదించేవాళ్లున్నారు. నాణెం మీద ఇవేవీ పట్టవు, ఒక్క అంకె మాత్రమే పడుతుంది. చదివేవాడికి అదే ప్రభుత్వం తేల్చిన తేదీ అయిపోతుంది. అందుకే అర్జీతో పాటు ఏ ఆధారంతో ఆ ఏడాదిని ఎంచుకున్నారో రాయించడం మేలు.

బొమ్మ విషయంలో అంత ఇబ్బంది ఉండదు. ఒక వైపు ఎలాగూ సింహాల స్తంభశీర్షం ఉంటుంది. రెండో వైపుకు రాయల వరహానే దారి చూపుతుంది. ఉదయగిరి గెలిచి అక్కణ్నుంచి తెచ్చిన బాలకృష్ణుడికి రాయలు హంపిలో గుడి కట్టించాడు. ఆయన బంగారు వరహాల్లో కొన్నింటి మీద బాలకృష్ణుడే కనిపిస్తాడు. ఆ గెలుపు గుర్తుగానే అవి వేయించాడని పరిశోధకుల అభిప్రాయం. అంటే స్మారక నాణెం ఈ గడ్డకు కొత్తేమీ కాదు.

నన్నడిగితే వెండి నాణెం ఒక్కటే కోరడం పొరపాటు. తంజావూరుకు వెయ్యితో పాటు ఐదు రూపాయల నాణెం కూడా వచ్చింది. చలామణిలోకి వచ్చే పది రూపాయలదైతే తుర్విహాళ సంతలోనూ చేతులు మారుతుంది. కాకపోతే కొత్త బొమ్మ చూసి చెల్లదని తిప్పికొట్టే దుకాణదారులుంటారు. పది రూపాయల నాణేలు అప్పటికి 14 నమూనాల్లో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ 2018లో రిజర్వు బ్యాంకే ప్రకటించాల్సి వచ్చింది.