రైతు: మాట వెనుక ఉన్న అమానతు

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ప్రియ సోదరులారా! ఇంగ్లీషు నిఘంటువులలో 'రయట్' అనే పదం కనిపిస్తుంది. భారతదేశపు సాగుదారుడని దాని అర్థం. మన 'రైతు'కు అది తోబుట్టువు. రెండింటికీ మూలం అరబీలోని 'రఇయ్యత్'.

'రఆ' అనే క్రియకు మేపడం, కాపాడడం అని అర్థం. కాపరి 'రాఈ', అతని కాపుదలలోని మంద 'రఇయ్యత్'. తరువాత ఆ పేరు పాలకుని రక్షణలోని ప్రజలకు వర్తించింది. పారసీ, ఉర్దూల మీదుగా మన దేశానికి చేరిన పిదప భూమి దున్ని శిస్తు కట్టేవాడనే అర్థం స్థిరపడింది. కంపెనీ దొరలు తమ దస్త్రాలలోకి దానినే తీసుకున్నారు. 1820 నుండి 1827 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో, జమీందారు ప్రమేయం లేకుండా సాగుదారుని పేరనే శిస్తు నిర్ణయించే పద్ధతిని స్థిరపరిచారు. అదే రైత్వారీ.

ఈ ప్రయాణంలో జరిగినదేమిటి? కాపాడేవాని బాధ్యతను తెలిపిన పదం, చెల్లించేవాని బాధ్యతను మాత్రమే తెలిపే పదమైంది. కాని దైవప్రవక్త (స) ఈ పదాన్నే పలికి, మనలో ప్రతి ఒక్కరూ కాపరియేనని, తన కాపుదలలోని వారిని గురించి ప్రశ్నించబడతాడని హెచ్చరించారు. పాలకునికి గాని, ఇంటి యజమానికి గాని, ఇల్లాలికి గాని, సేవకునికి గాని మినహాయింపు లేదు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది.

'కౌలు' కూడా అరబీ పదమే. 'ఖౌల్' అంటే మాట. కనుక మూలార్థాన్ని బట్టి కౌలు రైతు అంటే, మాట ఇచ్చి మన కాపుదలలోకి తీసుకున్న మనిషి.

చింతలపూడి మెట్టలోనైనా, కొల్లేటి పల్లెలలోనైనా భూమి ఒకరిది, చెమట మరొకరిది కావడం మనకు తెలియనిది కాదు. కాగితం లేని కౌలుదారునికి పంట నష్టపోతే పరిహారం దక్కడం కష్టం. బ్యాంకు రుణమూ కష్టమే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందానికి యజమాని సంతకం కోరింది. దానివల్ల భూమిపై యాజమాన్యం మారదనీ స్పష్టం చేసింది. అయినా సంతకానికి వెనుకాడే చేతులున్నాయి. అప్పు వ్యవహారాన్ని వ్రాసి ఉంచమని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 282వ ఆయతులో ఆదేశించింది. వ్రాతకు జంకడం విశ్వాసికి తగదు.

భూమి గల సోదరులారా! మీ పొలం దున్నేవాడు మీ రఇయ్యత్. ప్రళయదినాన అతని గురించి మీరు ప్రశ్నించబడతారు. ఇచ్చిన మాటను కాగితం మీద పెట్టండి.

మాట నిలుపుకొనే భాగ్యాన్ని అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.