బొగ్గు రాజుకొను వేగము: గణనమును నమ్ముట ఎంతవరకు?

రామగుండము విద్యుత్కేంద్రపు బాయిలరులలో బొగ్గుపొడి క్షణములో మండిపోవును. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతముల బొగ్గో, ఎవ్వరును నిప్పు పెట్టకయే గాలి సోకి మెల్లమెల్లగ వేడెక్కి, ఒక్కొక్కప్పుడు తనంతట తాను రాజుకొనును. పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల గని కార్మికులకు ఇది ప్రాణాపాయపు మాట. వేగములో ఎంత భేదమున్నను, ఈ రెండింటను పనిచేయునవి స్వేచ్ఛా ప్రాతిపదికలే.

అణువులలో ఎలక్ట్రానులు సాధారణముగా జంటలుగా నుండును. జంట విడిపోయి ఒంటరి ఎలక్ట్రాను మిగిలిన అణుశకలమే స్వేచ్ఛా ప్రాతిపదిక. అది జోడు కొరకు పొరుగు అణువునుండి ఒక పరమాణువును లాగికొనగా, ఆ పొరుగుది ఒంటరిదగును. ఇట్లు గొలుసు సాగును. ఇట్టివానిలో పెక్కు అత్యల్పకాలము మాత్రమే నిలుచును గనుక ప్రతిదానిని పట్టి కొలుచుట దుస్సాధ్యము. అందుచేత శాస్త్రజ్ఞులు క్వాంటం సిద్ధాంతము ననుసరించి చర్యల వేగమును కంప్యూటరుతో గణింతురు.

ప్రతి చర్యకును దాటవలసిన శక్తిగట్టు ఒకటి యుండునని భావింపుడు. దాని ఎత్తును మోలుకు ఇన్ని కిలోకేలరీలని చెప్పుదురు. అందు 1.4 కిలోకేలరీలు పొరబడినచో, 27 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద వేగము సుమారు 10 రెట్లు హెచ్చుగనో తగ్గుగనో తేలును. అదే పొరపాటు 1,230 డిగ్రీల మంటలో 1.6 రెట్ల తేడాను మాత్రమే తెచ్చును. కావున బాయిలరుకు చాలిన లెక్క గనికి చాలదు.

మరి లెక్కను పరీక్షించుట ఎట్లు? హైడ్రోజను పరమాణువు హైడ్రోజను అణువును తాకి ఒక పరమాణువును లాగికొను చర్య మిక్కిలి చిన్నది. దాని గట్టు సుమారు 9.6 కిలోకేలరీలని సూక్ష్మగణనమును, కొలిచిన వేగములును కలిసి స్థిరపరచినవి. హార్ట్రీ-ఫాక్ పద్ధతి దానిని 17కు పైగా చూపును. ఎలక్ట్రానులు ఒకదాని నొకటి తప్పించుకొని తిరుగుట అందు సరిగా లెక్కకు రాదు. బహుళ ప్రచారము గల బీ-త్రీ-ఎల్-వై-పీ పద్ధతి 4 ప్రాంతమున నిలుచును. ఎలక్ట్రాను తన్ను తానే వికర్షించుకొనునట్టి దోషము అందు కొంత మిగిలియున్నది. 1989లో మద్రాసులో చదివిన కృష్ణన్ రాఘవాచారియు, జాన్ పోపుల్ మొదలైనవారును ప్రతిపాదించిన కపుల్డ్ క్లస్టర్ పద్ధతి దాదాపు సరియైన ఎత్తును చూపును.

ఒక్క చర్యతో తీర్పు చెప్పరాదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున డొనాల్డ్ ట్రూలార్ బృందము హైడ్రోజను బదిలీ చర్యల గట్లు 38 పట్టికగా కూర్చినది. అందును బీ-త్రీ-ఎల్-వై-పీ సగటున 4 కిలోకేలరీల మేర తప్పినది.

అట్లయిన మేలైన పద్ధతినే అంతటను వాడరాదా? అణువు పరిమాణము రెట్టింపైనచో ఆ కపుల్డ్ క్లస్టర్ లెక్క శ్రమ సుమారు 128 రెట్లగును. బొగ్గుకు ఒక స్థిరమైన అణునిర్మాణమే లేదు. అందువలన బొగ్గును పోలిన చిన్న అణువులపై మేలైన పద్ధతిని నడిపి, చవుకైన పద్ధతి దానికి ఎంత దూరమున నిలుచునో చూచి, పిదప పెద్దవానికి పోవుదురు. ఆ చిన్న అణువులు బొగ్గుకు ఎంతవరకు ప్రతినిధులనునది వేరొక సందేహము.

ఎవరైన ఒక వేగమును గణించి చెప్పినపుడు మనము అడుగవలసినవి మూడు: కొలిచిన ఏ చర్యలతో పోల్చితిరి? ఏ ఉష్ణోగ్రతకు చెప్పుచున్నారు? తప్పు ఎంతవరకు ఉండవచ్చును? ఈ మూడవ జవాబు లేని సంఖ్య ఎన్ని దశాంశములు గలదైనను నమ్మదగినది కాదు. గని గాలిలో కార్బన్ మోనాక్సైడు పెరుగుచున్నదేమో కొలుచుచుండుటకు ఏ గణనమును బదులు గాదు. ఆ పెరుగుదల అర్థమేమో తెలిసికొనుటకు మాత్రము మంచి గణనము తోడ్పడును.