గర్భాశయ క్యాన్సరు చికిత్స తరువాత సంరక్షణ

గర్భాశయ క్యాన్సరుకు చికిత్స పూర్తయిన తరువాత స్త్రీ ఆరోగ్యం తిరిగి కుదుటపడడానికి, వ్యాధి తిరగబెడితే తొలిదశలోనే గుర్తించడానికి కొన్నేళ్ళపాటు సాగే వైద్య పర్యవేక్షణను చికిత్సానంతర సంరక్షణ అంటారు. ఆసుపత్రులలో దీనిని "ఫాలో-అప్" అని వ్యవహరిస్తారు. ఈ వ్యాసంలో గర్భాశయ క్యాన్సరు అంటే గర్భసంచి లోపలి పొరలో, అనగా ఎండోమెట్రియంలో పుట్టే క్యాన్సరు. భారతదేశంలో ఇంతకంటె ఎక్కువగా కనిపించే గర్భాశయ ముఖద్వార క్యాన్సరు వేరొక వ్యాధి. దాని కారణాలు, చికిత్స, తదుపరి పరీక్షలు కూడా వేరు. జనం రెండింటినీ "గర్భసంచి క్యాన్సరు" అనే ఒకే మాటతో పిలవడం వలన ఒకరికి చెప్పిన జాగ్రత్తలను మరొకరు పాటించే ప్రమాదం ఉంది. కాబట్టి డిశ్చార్జి కాగితాలలో ఏ క్యాన్సరు అని వ్రాశారో, ఎన్నవ దశ అని వ్రాశారో తెలుసుకొని ఆ కాగితాలను భద్రపరచుకోవడం మొదటి పని.

ఈ క్యాన్సరు ఎక్కువగా ముట్లుడిగిన స్త్రీలకు వస్తుంది. ఆగిపోయిన రక్తస్రావం మళ్ళీ కనబడడంతో చాలామంది త్వరగానే వైద్యుని వద్దకు వెళతారు. అందువలన పలువురిలో వ్యాధి మొదటి దశలోనే బయటపడి నయమవుతుంది. సాధారణంగా గర్భసంచిని, అండాశయాలను, అండవాహికలను తొలగిస్తారు. అవసరాన్నిబట్టి రేడియేషన్, కీమోథెరపీ ఇస్తారు.

శస్త్రచికిత్స తరువాత తొలి వారాలు

పొట్టపై పెద్ద కోత లేకుండా లాప్రోస్కోపీ ద్వారా ఆపరేషన్ జరిగినవారు త్వరగా ఇంటికి చేరి, త్వరగా కోలుకుంటారు. అయినా లోపలి కుట్లు మానడానికి పట్టే కాలం పెద్దగా తగ్గదు. సుమారు ఆరు వారాలు నీళ్ళబిందెలు, బియ్యపు మూటలు ఎత్తరాదు. చంటిపిల్లలను ఎత్తుకోవడం కూడా బరువు ఎత్తడమే అన్న సంగతి ఇళ్ళలో తరచు మరచిపోతుంటారు. అలాగని మంచం దిగకుండా ఉండడమూ మంచిది కాదు. కదలిక లేకపోతే కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. రోజూ కొద్దికొద్దిగా నడక పెంచుకోవాలి. కొందరికి రక్తం గడ్డకట్టకుండా నాలుగు వారాల వరకు సూదిమందు ఇస్తారు.

పప్పు తింటే కుట్లు చీము పడతాయన్న నమ్మకం తెలుగునాట బలంగా ఉంది. ఇది నిజం కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. శాకాహారులకు అవి ముఖ్యంగా పప్పుధాన్యాల నుండి, పాలు పెరుగుల నుండే అందుతాయి. పథ్యం పేరుతో వారాల తరబడి చారన్నం మాత్రమే పెట్టడం వలన నీరసం పెరుగుతుందే తప్ప మేలు జరగదు. దాంపత్య జీవితం ఎప్పుడు మొదలుపెట్టవచ్చో వైద్యుని అడిగి తెలుసుకోవాలి. సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాలు ఆగమంటారు. కొందరు మూడు నెలలు ఆగమని చెబుతారు. ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడనక్కరలేదు.

తిరగబెట్టినపుడు కనిపించే గుర్తులు

వ్యాధి తిరగబెట్టే అవకాశం మొదటి మూడేళ్ళలో ఎక్కువ. ఈ కాలంలో అన్నిటికంటె ముఖ్యమైన గుర్తు యోని నుండి రక్తస్రావం. ఆపరేషన్ తరువాత కొద్ది వారాలు స్వల్పంగా రక్తపు చారలు కనబడడం గాయం మానడంలో భాగమే. ఆ తరువాత ఒక్క చుక్క కనబడినా వైద్యునికి చెప్పాలి. గర్భసంచి తీసివేసిన స్త్రీకి ముట్టు రాదు. కనుక "వేడి చేసింది" అని మజ్జిగ త్రాగి ఊరుకోవడానికి ఇక్కడ తావు లేదు. రక్తస్రావమంతా క్యాన్సరు వల్లనే కాకపోవచ్చు. కుట్ల వద్ద పెరిగిన మెత్తని కండ వలన, రేడియేషన్ వలన పలుచబడిన చర్మం వలన కూడా రక్తం రావచ్చు. ఏది ఏమిటో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఈ త్వరకు కారణం ఉంది. నెదర్లాండ్స్‌లో 715 మంది స్త్రీలపై జరిగిన పోర్టెక్-1 అధ్యయనం ఫలితాలు 2000లో వెలువడ్డాయి. కటి ప్రాంతంలో తిరగబెట్టిన వ్యాధిలో అధికభాగం యోని పైకొసలోనే కనబడిందని అందులో తేలింది. అంతకుముందు రేడియేషన్ తీసుకోనివారిలో ఇలా యోనిలో మాత్రమే వచ్చిన వ్యాధి, అప్పుడు ఇచ్చిన రేడియేషన్‌తో చాలామందిలో పూర్తిగా తగ్గింది. అనగా తిరగబెట్టడం అంటే అంతా అయిపోయినట్లు కాదు. ఆలస్యం చేయడమే నష్టం. రక్తస్రావంతో పాటు దుర్వాసన గల స్రావం, తగ్గని నడుమునొప్పి లేక పొత్తికడుపు నొప్పి, కడుపు ఉబ్బరం, అకారణంగా బరువు తగ్గడం, విడవని దగ్గు, ఆయాసం కూడా చెప్పదగినవే.

పరీక్షలు ఎన్ని అవసరం?

సాధారణంగా మొదటి రెండు మూడేళ్ళు మూడు నుండి ఆరు నెలలకొకసారి, తరువాత ఐదేళ్ళు నిండేవరకు ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి రమ్మంటారు. తిరగబెట్టే ప్రమాదం తక్కువ ఉన్నవారిని ఇంకా తక్కువసార్లు పిలవవచ్చు. వెళ్ళినపుడు వైద్యులు లక్షణాలను అడిగి, పొట్టను, యోనిని, పురీషనాళాన్ని పరీక్షిస్తారు. ఏ లక్షణమూ లేనివారికి ప్రతిసారీ స్కానింగులు చేయించడం వలన ఆయుర్దాయం పెరుగుతుందని రుజువు కాలేదు. ఇటలీ, ఫ్రాన్సు దేశాలలో 1,800 మందికి పైగా స్త్రీలతో జరిగిన టోటెమ్ అధ్యయనం ఫలితాలు 2022లో ప్రచురితమయ్యాయి. అందులో తరచుగా స్కానింగులు, రక్తపరీక్షలు చేసిన వర్గంలో ఐదేళ్ళు జీవించినవారు 90.6 శాతం కాగా, తక్కువ పరీక్షలు చేసిన వర్గంలో 91.9 శాతం. ఈ తేడా లెక్కలోకి వచ్చేది కాదు. పాప్ స్మియర్ పరీక్ష కూడా ఈ వ్యాధి తిరగబెట్టడాన్ని కనిపెట్టడంలో పెద్దగా ఉపయోగపడదు. అయితే లక్షణం కనబడినపుడు స్కానింగు, బయాప్సీ తప్పనిసరి. వాటిని వాయిదా వేయరాదు.

ఇంగ్లండులో 259 మంది మొదటిదశ రోగులతో జరిగి 2017లో ప్రచురితమైన ఎండ్‌క్యాట్ అధ్యయనంలో, కొందరిని ఆసుపత్రికి రప్పించక శిక్షణ పొందిన నర్సులు టెలిఫోనులోనే విచారించారు. వారి మానసిక ఆందోళన ఆసుపత్రికి వెళ్ళినవారి కంటె ఎక్కువ కాలేదు. ఈ ఫలితం తెలుగు ప్రాంతాలవారు ఆలోచించదగినది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం వలన క్యాన్సరు చికిత్స పేదలకు అందుబాటులోకి వచ్చింది. కాని ఆదిలాబాదు నుండి హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్లు. దారిఖర్చులు, తోడు వచ్చేవారి కూలి పోవడం లెక్కవేసుకొని, ఏ బాధా లేనపుడు మానివేయడం సహజం. అటువంటివారు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: తారీఖు తప్పినా ఫరవాలేదు గాని, రక్తం కనబడితే ఆ తారీఖు వరకు ఆగరాదు.

రేడియేషన్, మందుల వలన మిగిలే ఇబ్బందులు

బయటినుండి కటి ప్రాంతానికి రేడియేషన్ ఇచ్చినపుడు విరేచనాలు, మాటిమాటికి మూత్రం రావడం, మలంతో రక్తం పడడం వంటివి కలుగవచ్చు. ఇవి నెలల తరువాత, ఒక్కొక్కప్పుడు ఏళ్ళ తరువాత కూడా మొదలుకావచ్చు. యోనిలో మాత్రమే రేడియేషన్ ఇచ్చే బ్రాకీథెరపీలో పేగులకు బాధ తక్కువ. దీనితో యోనిలో వ్యాధి బాగానే అదుపులో ఉంటుందని 2010లో వెలువడిన పోర్టెక్-2 అధ్యయనం తెలిపింది. రేడియేషన్ తరువాత యోని బిగుసుకొని ఇరుకు కావచ్చు. దీనిని నివారించడానికి డైలేటరు అనే నున్నని గొట్టం వంటి సాధనాన్ని వాడమంటారు. సంసారజీవితం లేనివారికి కూడా దీని అవసరం ఉంది. మార్గం మూసుకుపోతే వైద్యులు లోపల పరీక్షించలేరు.

కీమోథెరపీ తరువాత జుట్టు తిరిగి వస్తుంది. పాక్లిటాక్సెల్ వలన కలిగే అరికాళ్ళ తిమ్మిరి మాత్రం కొందరిలో చాలాకాలం ఉంటుంది. ముట్లుడగకముందే అండాశయాలు తొలగించినవారికి ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల బలహీనత రావచ్చు. హార్మోను మాత్రలను మాత్రం క్యాన్సరు వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

కాలివాపు

కటిలోని లింఫ్ గ్రంథులను తొలగించినపుడు లేదా వాటికి రేడియేషన్ ఇచ్చినపుడు కాలిలోని లింఫు ద్రవం పైకి పారలేక నిలిచి వాపు వస్తుంది. దీనిని లింఫెడీమా అంటారు. చూపులకు ఇది బోదకాలు వలె ఉంటుంది. నిజానికి బోదకాలులో జరిగేది కూడా లింఫు మార్గాలు దెబ్బతినడమే, కాని అక్కడ కారణం దోమల ద్వారా సోకే ఫైలేరియా పురుగులు. ఆ వ్యాధి ఉన్న ప్రాంతాలలో ఈ వాపును అదేనని పొరబడే వీలుంది. అటువంటపుడు ఫైలేరియా మాత్రలు మింగినా ఆపరేషన్ వలన వచ్చిన వాపు తగ్గదు. బిగుతు మేజోళ్ళు, కాలు ఎత్తులో పెట్టుకోవడం, వ్యాయామం, చర్మం పగలకుండా చూసుకోవడం, చెప్పులు లేకుండా పొలంలో నడవకపోవడం మేలు చేస్తాయి. ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పి పెడితే మాత్రం అది రక్తపు గడ్డ కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

బరువు, మధుమేహం, గుండె

స్థూలకాయం ఈ క్యాన్సరుకు ముఖ్యకారణాలలో ఒకటి. కొవ్వు కణజాలంలో తయారయ్యే ఈస్ట్రోజెన్ గర్భసంచి పొరను ప్రేరేపిస్తుంది. ఈ రోగులలో పలువురికి మధుమేహం, రక్తపోటు కూడా ఉంటాయి. తొలిదశలో చికిత్స పొందిన స్త్రీలు తరువాతి కాలంలో క్యాన్సరు కంటె ఎక్కువగా గుండెజబ్బుల వల్ల మరణిస్తున్నట్లు అమెరికా గణాంకాలు చూపాయి. కనుక క్యాన్సరు ఆసుపత్రికి వెళ్ళడంతో సరిపెట్టక, చక్కెర, రక్తపోటు పరీక్షలను దగ్గరలోని వైద్యుని వద్ద క్రమంగా చేయించుకోవాలి.

కుటుంబ సభ్యులకు సంబంధించినది

ఈ క్యాన్సరు వచ్చిన ప్రతి వందమందిలో సుమారు ముగ్గురికి లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉంటుంది. ఇది ఉన్నవారికి పెద్దపేగు క్యాన్సరు వచ్చే అవకాశం కూడా ఎక్కువ. తొలగించిన గడ్డపై చేసే పరీక్షలో దీని సూచన తెలుస్తుంది. యాభై ఏళ్ళలోపు వ్యాధి వచ్చినా, తల్లికో అన్నదమ్ములకో పేగు క్యాన్సరు ఉన్నా ఈ పరీక్ష జరిగిందో లేదో అడగాలి. లోపం ఉన్నట్లు తేలితే రోగితో పాటు అదే లోపం ఉన్న తోబుట్టువులు, పిల్లలు కూడా ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఇది కొడుకులకు కూడా వర్తిస్తుంది.