అద్దెకు పాత కారా? పెద్ద వ్యానా?

పొలం తాకట్టు పెట్టి అద్దె బండి కొనదలచిన నిరుద్యోగ యువకులకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. పాత డిజైరు కారులో డ్రైవరు గాక నలుగురికి చోటుంటుంది. ఒక కుటుంబం ఆసుపత్రికో, రైలు స్టేషనుకో వెళ్ళి రావడానికి అది చాలు. చమురు ఖర్చు తక్కువ, ఇరుకు సందుల్లోనూ తిరుగుతుంది. ట్రావెలర్ రకం వ్యానులో డజను మందికి పైగా పడతారు. పెళ్ళివారో, తిరుపతి యాత్రికులో నిండుగా దొరికితే తలకు పడే ఖర్చు కారుకన్నా తక్కువే. అయితే శూన్యమాసంలో బండి ఇంటి ముందు నిలిచినా వాయిదా ఆగదు.

ఏది కొన్నా కాగితాలు ముఖ్యం. తెల్ల నంబరు ప్లేటు కారును పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకూ చిక్కు రావచ్చు. అద్దె బండికి మొదటి 8 ఏళ్ళు రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. పాత బండిపై ఫైనాన్సు ఉంటే, అది తీరినట్లు 35వ నంబరు ఫారం, పేరు మార్పుకు 29, 30 నంబరు ఫారాలు చేతికి వచ్చాకే పూర్తి సొమ్ము ఇవ్వాలి. ఏడున్నర టన్నులు మించని అద్దె బండికి లైట్ మోటారు లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టం చేసింది.

ఊళ్ళోని చిన్న బేరాలే ఆధారమైతే కారు, యాత్రల బేరాలు ఏడాది పొడుగునా ఉంటేనే వ్యాను మేలు.